విస్తరి ముందు సీతారామలక్ష్మి

పాలకొల్లులో మేముండే ఇంటి వెనక వాటాలో సీతారామలక్ష్మి ఉంటుంది. ముందు వాటా నాది. నా పేరు దుర్గాశ్రీ. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. నాకు కోపం ఎక్కువ. మా వీధిలో నా పేరు తెలియనివాళ్ళు ఉండొచ్చు గానీ, ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. సీతారామలక్ష్మికి మాత్రం కోపమంటే ఏమిటో తెలియదని చాలాకాలం అనుకున్నాను. ఆచంట వెళ్ళిన రోజున ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

ఆవిడ పుట్టింది కోనసీమలో, అంబాజీపేట దగ్గర ఒక పల్లెలో. ఇంటర్ మంచి మార్కులతో పాసై టీచర్ ట్రైనింగుకు సీటు తెచ్చుకుంది. అంతలో పెళ్ళిచూపులు వచ్చాయి. పెళ్ళికొడుకు మేనత్త ఫలహారం తింటూ, "ఆడపిల్లకి ఈ చదువు చాలు కదమ్మా?" అంది. ఎదురుగా కూర్చున్న ఈ పిల్ల, తన తండ్రి మొహం చూసి, "చాలండి" అంది. ఆ సీటు ఇంకెవరికో పోయింది. పెళ్ళికొడుకు విశ్వనాథ్ మంచివాడే, పెళ్ళిళ్ళకు వంట చేసేవాడు. ఆయన చేతి దప్పళం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. కూతురు హైమ హైస్కూల్లో ఉండగా జబ్బుచేసి పోయాడు. ఆ తర్వాత సీతారామలక్ష్మి అదే కేటరింగు బృందంలో వడ్డనకు చేరింది.

వడ్డన అంటే గరిటె తిప్పడం కాదని ఆవిడని చూశాకే నాకు తెలిసింది. మా గోదావరి జిల్లాల్లో మొదటి 'వద్దు'కి విలువ లేదు. రెండో 'వద్దు' కూడా మర్యాదకే. మూడోసారి బతిమాలితే "సరే, మీ మాట కాదనలేక" అంటూ నిండుగా వేయించుకుంటారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ మధ్య సందు ఉంచారంటే ఇంకా కావాలని అర్థం. వేళ్ళు బిగించి పెడితేనే నిజంగా చాలని. ఆవిడ ఆ వేళ్ళ వంక చూసి వడ్డిస్తుంది. తన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరేమిచ్చినా, ఏమివ్వకపోయినా, "చాలండి" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

హైమ నా దగ్గరే చదువుకుంది. పట్టుదల గల పిల్ల. ఇంజనీరింగు ఎంట్రన్సులో మంచి ర్యాంకు తెచ్చుకుంది. కాకినాడ యూనివర్సిటీ కాలేజీలో సివిల్ చదవాలని దాని కోరిక. అందరూ కంప్యూటర్లంటుంటే నీకీ సిమెంటు పిచ్చి ఏంటే అని ఒకసారి అడిగాను. "వాన పడితే మన వీధిలో నీళ్ళు ఎందుకు పోవో తెలుసుకోవాలి మేడం" అంది. గట్టి వాన కురిస్తే వాళ్ళ వాటాలో మంచం మీద స్టవ్ పెట్టుకుని వండుకుంటారు. అందుకని ఇంకేమీ అడగలేదు.

ర్యాంకు వచ్చిన దగ్గర్నుంచి వీధిలో అందరూ పండితులైపోయారు. యూనివర్సిటీలో సీటుకి ముఖ్యం సిఫార్సు అని పాలు పోసే ఆయన తేల్చేశాడు. గుడి దగ్గర కొబ్బరికాయల కొట్టు ఆయన జాతకం అన్నాడు. ర్యాంకు అని నేను. ర్యాంకు నిజమే గానీ అది సగమే. మిగతా సగం, నీకేం కావాలో పైన రాయడం. ఆ సగం దగ్గరే వీళ్ళిద్దరూ బోల్తా పడబోయారు.

అది ఆషాఢం. ముహూర్తాలు లేవు కాబట్టి కేటరింగు పనులూ లేవు. సీతారామలక్ష్మి వరండాలో కూర్చుని ఎవరికో ఆర్డరు మీద సున్నుండలు చుడుతోంది. హైమ ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "కౌన్సెలింగుకి కాలేజీల ఆప్షన్లు పెట్టేశాం మేడం" అంది. మొహంలో వెలుగు లేదు.

"పెట్టేశాం అంటే? ఎవరెవరు?"

"పెదనాన్న వచ్చి పెట్టారు."

పెదనాన్నంటే భాస్కరంగారు, సీతారామలక్ష్మి అక్కగారి భర్త. ఆచంటలో ఉంటారు. ఆ చుట్టుపక్కలే ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. నేను ఫోను లాక్కుని చూశాను. మొదటి ఆప్షను ఆయన కాలేజీ, కంప్యూటర్ సైన్సు. రెండోదీ ఆ కాలేజీయే, మూడోదీ అదే. కాకినాడ ఎక్కడో అడుగున ఉంది.

"నోరు లేదా నీకు?" అని హైమ మీద అరిచాను.

"అమ్మ ఊరుకోమంది."

సీతారామలక్ష్మి తలెత్తింది. "బావగారి మాట ఎలా కాదంటానండీ? మా ఆయన పోయినప్పుడు మమ్మల్ని నిలబెట్టింది బావగారే కదండీ. అయినా కాకినాడ కూడా రాశారు. రాసిపెట్టి ఉంటే అదే వస్తుందిలే అన్నారు."

"రాదు! చచ్చినా రాదు!" అని కేకలేశాను. తర్వాత కాస్త గొంతు తగ్గించి చెప్పాను. కంప్యూటరు ర్యాంకుల వరసలో పిల్లల్ని తీసుకుంటుంది. హైమ వంతు వచ్చినప్పుడు, మనం రాసిన ఆప్షన్లు పైనుంచి చూసుకుంటూ వస్తుంది. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోబెట్టేసి, దాని కిందవి ఇక చూడదు. భాస్కరంగారి కాలేజీలో ఈ ర్యాంకుకి సీటు ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి మొదటి ఆప్షను దగ్గరే కథ అయిపోతుంది.

ఆవిడ చేతిలో ఉండ చుట్టడం ఆపింది. "అంటే మొదటి పదార్థం పడగానే విస్తరి తీసేస్తారా?"

"తీసేస్తారు."

"రెండోసారి అడగరా అండీ?"

"రెండో విడత ఉంటుంది గానీ అప్పటికి మంచి సీట్లు మిగలవు. ఆ కంప్యూటరు మీలా వేళ్ళ మధ్య సందు చూడదమ్మా! మనం చాలంటే చాలనే రాసుకుంటుంది."

ఆవిడ చేతిలో సున్నుండ పొడైపోయింది. తర్వాత అడిగింది, "మార్చుకోవచ్చా?"

"రేపు సాయంత్రం దాకా మార్చుకోవచ్చు. కానీ దరఖాస్తు పెట్టినప్పుడు ఇచ్చిన నంబరు ఎవరిది? ఆయనదే కదా. మార్చాలంటే ఓటీపీ ఆయన ఫోనుకే వెళ్తుంది. అందుకని పొద్దున్నే హెల్ప్‌లైన్ సెంటరుకి పోయి నంబరు మార్పించేద్దాం."

"బావగారికి తెలియకుండానా?"

"తెలిస్తే ఒప్పుకుంటాడా?"

"వద్దండి" అంది సీతారామలక్ష్మి.

ఆ 'వద్దండి' నేనెప్పుడూ విననిది. "దొంగతనంగా మార్చుకోవాల్సిన ఖర్మ నా కూతురికేంటండీ? ఆయన ఇంటికే వెళ్దాం. ఎదురుగా కూర్చుని నేనడుగుతాను. మీ కంప్యూటరు తీసుకుని మీరూ రండి. కానీ మేడంగారూ, అక్కడ మీరు ఒక్కమాట కూడా మాట్లాడకూడదు. మీ సంగతి నాకు తెలుసు."

మర్నాడు ముగ్గురం ఆచంట బస్సెక్కాం. రెండు పక్కలా నాట్లు పడుతున్నాయి. ముసురు. నా ఒళ్ళో లాప్‌టాప్ సంచి. హైమ కిటికీలోంచి చూస్తూ చూస్తూ, "పోనీలే అమ్మా, పెదనాన్న మనసు కష్టపెట్టడం ఎందుకు? ఆ కాలేజీ కూడా..." అని మొదలెట్టింది.

"నోర్ముయ్" అంది తల్లి. "పోనీలే అనడం మనింట్లో నేనన్నది చాలు."

హైమ నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. లోపల మాత్రం నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

భాస్కరంగారు చెడ్డవాడైతే ఈ పని సులువుగా ఉండేది. కాదు. విశ్వనాథ్‌ని రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చినప్పుడు సెలవు పెట్టి పక్కనే కూర్చున్న మనిషి. మమ్మల్ని చూడగానే వీధిలోకి ఎదురొచ్చారు. "రండి, రండి! మేడంగారు కూడా వచ్చారా! విశాలాక్షీ, ఎవరొచ్చారో చూడు! భోజనం వేళకే వచ్చారు, అదృష్టవంతులు!" అని ఒకటే హడావుడి. సీతారామలక్ష్మి నోరు తెరవబోతే, "అన్నీ తర్వాత. ముందు కాళ్ళు కడుక్కోండి" అన్నారు. మర్యాదతో మనిషి నోరు కట్టేయడం మా జిల్లాల్లో పెద్ద విద్య. ఆయన అందులో ఆరితేరినవాడు.

హాల్లో మాకూ ఆయనకీ అరటాకులు వేశారు. సీతారామలక్ష్మి అక్క విశాలాక్షిగారు వడ్డించింది. ముద్దపప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు. నెయ్యి వాసనకి నా ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాచబోయాను. సీతారామలక్ష్మి మోకాలితో నన్ను పొడిచింది. చూస్తే ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. హైమా అంతే.

"ఏంటి సీతా, చెయ్యి పెట్టవేం?"

"హైమ ఆప్షన్లు మార్చుకోవాలి బావగారూ. మీ ఫోనుకి ఓటీపీ వస్తుంది. అది చెబితే తింటాను."

అప్పుడు నాకర్థమైంది ఆవిడేం చేస్తోందో. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారి తరపు పెద్దమనిషి ఎవరో అలిగి, విస్తరి ముందు కూర్చుని చెయ్యి పెట్టడు. ఆయన పెట్టకపోతే బంతి మొత్తం పెట్టదు. ఆడపెళ్ళివారు పరుగెత్తుకొచ్చి బతిమాలతారు, అడిగింది ఒప్పుకుంటారు. పప్పు గరిటె పట్టుకుని ఆ తతంగం ముగిసేదాకా నిలబడటం సీతారామలక్ష్మికి ఎన్ని పెళ్ళిళ్ళలో అలవాటో! ఇన్నాళ్ళూ నిలబడి చూసిన విద్యని ఈ రోజు కూర్చుని చేస్తోంది.

భాస్కరంగారు నవ్వారు. "ఓస్, ఇంతేనా! మన కాలేజీ ఇంటికి దగ్గర, నేనుంటాను, పిల్లని కళ్ళల్లో పెట్టుకు చూసుకుంటాను. కాకినాడలో దానికెవరున్నారు? తిను, తిను. చల్లారిపోతోంది."

"ఓటీపీ చెప్పండి బావగారూ."

"కంప్యూటర్ సైన్సు వదిలి సివిలేంటి? ఈ రోజుల్లో ఎవరైనా..."

"అది దాని ఇష్టమండి. ఓటీపీ చెప్పండి."

నవ్వు పోయింది. "విస్తరి ముందు కూర్చుని పంతాలేంటి సీతా? వడ్డించిన అన్నం చెయ్యి పెట్టకుండా వదిలేస్తే ఇంటికి ఎంత అరిష్టమో తెలుసా?"

"తెలుసండి. అందుకే కూర్చున్నాను."

నేను నాలిక కరుచుకుని ఆకు వంక చూస్తున్నాను. నోరు మూసుకోవడం అంత కష్టంగా నాకెప్పుడూ అనిపించలేదు. భాస్కరంగారు లేచి గుమ్మం దాకా వెళ్ళి వచ్చారు. వచ్చి కూర్చున్నాక గొంతు మారిపోయింది.

"నీకు తెలియదు సీతా. మా కాలేజీలో ఒక్కొక్కరికీ ఇంతమంది పిల్లల్ని తేవాలని టార్గెట్ పెట్టారు. మాస్టార్లు కూడా ఊళ్ళమీద తిరుగుతున్నారు. తేలేనివాళ్ళని పొమ్మంటున్నారు. ఈ వయసులో నన్ను పొమ్మంటే ఎక్కడికి పోతాను? హైమ నా ఇంటి పిల్ల కదా, నా లెక్కలోకి వస్తుందనుకున్నాను. అందులో తప్పేముంది?"

నా కోపం కాస్త జారిపోయింది, నిజం చెప్పొద్దూ. ఆయన వేళ్ళు ఆకు అంచుని చీలుస్తున్నాయి. సీతారామలక్ష్మి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక 'చాలండి' అనేస్తుందని నాకు భయం వేసింది.

"మీరు చేసింది మర్చిపోతే నాకు పుట్టగతులుండవు బావగారూ. మీ ఇంట్లో ఏ అవసరం వచ్చినా అర్ధరాత్రి పిలిచినా వస్తాను. మీ ఋణం నేను తీర్చుకుంటాను. హైమ చేత మాత్రం తీర్పించను. ఇంతకుముందు ఒకరి మొహం చూసి నా సీటు నేను వదిలేసుకున్నాను. దాని సీటు వదిలే హక్కు నాకు లేదు. ఓటీపీ చెప్పండి."

భాస్కరంగారు భార్య వంక చూశారు, నువ్వైనా చెప్పవేం అన్నట్టు. విశాలాక్షిగారు అప్పటిదాకా గోడ పక్కన పులుసు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. గిన్నె కింద పెట్టి, వచ్చి చెల్లెలి పక్కన చాప మీద చతికిలబడింది.

"నేనూ తిననండి" అంది. "ఒక్కమాట అడుగుతాను. విశ్వనాథ్ బతికుంటే ఆ ఆప్షన్లు మీరు రాసేవారా?"

ఆయన చీలిపోయిన ఆకు అంచుని వేళ్ళతో సర్దారు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, "కానివ్వండి" అన్నారు.

నేను లాప్‌టాప్ తెరిచాను. హైమ లాగిన్ అయింది. ఆయన ఫోను మోగింది. తెర మీద అంకెలు చూస్తూ ఆయన మళ్ళీ ఆగిపోయారు. చూస్తుండగానే ఆ ఓటీపీ గడువు తీరిపోయింది. "మళ్ళీ పంపాలి పెదనాన్నా" అంది హైమ నెమ్మదిగా. మళ్ళీ పంపింది. ఈసారి ఫోను మోగీ మోగకముందే ఆయన గట్టిగా చదివేశారు. చివర సేవ్ చేసేటప్పుడు ఇంకోటి వచ్చింది. దాన్ని ఆయనే లాప్‌టాప్ దగ్గరికి వంగి, చూపుడువేలితో ఒక్కో అంకె కొట్టారు.

మొదటి వరసలో కాకినాడ యూనివర్సిటీ, సివిల్. దాని కింద మిగతా ప్రభుత్వ కాలేజీలు, వాటి కింద ఇంకొన్ని.

"మీ కాలేజీ చివర ఉంచాను పెదనాన్నా" అంది హైమ భయంభయంగా.

"ఉంచావా! మజ్జిగలాగా చివర్నా?" అన్నారాయన. ముందు విశాలాక్షిగారు నవ్వింది, తర్వాత ఆయనే నవ్వారు.

అన్నం చల్లారిపోయింది. అందరం తిన్నాం. ఆ ఇంట్లో అడుగుపెట్టాక నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఇంకాస్త కూర". విశాలాక్షిగారు చెల్లెలి దగ్గరికి వచ్చి, "ఇంకొంచెం వెయ్యనా?" అనగానే, సీతారామలక్ష్మి మొదటిసారికే, "వెయ్యక్కా" అంది.

తర్వాత ఎదురుచూడటం మిగిలింది. కాకినాడ ఆప్షను పైకి వచ్చింది గానీ, హైమ ర్యాంకు అంచు మీద ఉంది. పై ర్యాంకులవాళ్ళు సివిల్ ఎక్కువగా అడిగితే పోతుంది. అదిగో ఇదిగో అంటూ సీట్ల తేదీ వాయిదాలు పడి, శ్రావణం వచ్చేసింది. సీతారామలక్ష్మి మళ్ళీ పనుల్లో పడింది. నంబరు మార్పించుకుందామని నేనంటే ఒప్పుకోలేదు. "సీటు కబురు బావగారి ఫోనుకే రానివ్వండి" అంది.

శ్రావణంలో మా కాలేజీ ఇంగ్లీషు మేడంగారి గృహప్రవేశం. వంటలు సీతారామలక్ష్మి వాళ్ళవే. బఫే వద్దని బంతిభోజనాలే పెట్టారు. రెండో బంతికి కూర్చోబోతుంటే గేటు దగ్గర స్కూటరు ఆగింది. చూస్తే భాస్కరంగారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆచంట నుంచి వానలో వచ్చినట్టున్నారు. ఫోను చేస్తే పోయేదానికి మనిషే వచ్చారంటే ఏమిటో నాకు తోచలేదు. "ఏమైందండీ?" అంటే, "సీత ఏది?" అన్నారు. ఇంటావిడ ఆయన్ని కూడా భోజనానికి లాక్కొచ్చి నా పక్కన కూర్చోబెట్టింది. ఆయన ఫోనుని ఆకు పక్కన బోర్లించి పెట్టారు. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. ఆ ఏడాది ఆయన టార్గెట్ పూర్తికాలేదని, ఇంక్రిమెంటు ఆపారని, ఉద్యోగం మాత్రం ఉంచారని నాకు తర్వాత తెలిసింది.

పులిహోర బకెట్టు పట్టుకుని సీతారామలక్ష్మి ఆకులన్నీ దాటుకుంటూ వచ్చింది. బావగారిని చూసి ఆగిపోయింది. గరిటె పైకెత్తింది గానీ చెయ్యి ముందుకి రాలేదు.

"వడ్డించకు" అన్నారాయన. "ముందు అడుగు."

"ఏమడగనండీ?"

"నీకు తెలుసు. అడిగితేగాని ఆకులో చెయ్యి పెట్టను. నీ దగ్గర నేర్చుకున్నదే."

వెనకనుంచి వంటమేస్త్రీ అరిచాడు, "సీతమ్మగారూ, కానివ్వండి! బంతి ఆగిపోయింది!"

ఇన్నేళ్ళ వడ్డనలో ఆవిడ ఒక్క ఆకుని కూడా ఎదురుచూడనివ్వలేదు. తిరిగి చూడకుండానే, "ఆగనివ్వండి" అంది. ఆ చివరి ఆకు దాకా వినబడింది. తర్వాత బకెట్టు రెండు చేతులతో పట్టుకుని గట్టిగా అడిగింది.

"మా అమ్మాయికి సీటు ఎక్కడొచ్చింది బావగారూ?"

"కాకినాడ" అన్నారాయన. "యూనివర్సిటీలోనే. సివిల్."

ఆవిడ ఒక గరిటె వేసింది. ఇంకోటి వేసింది. మూడోది ఎత్తింది. ఆయన నవ్వుతూ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. వేళ్ళ మధ్య సందు లేదు, గట్టిగా బిగించే పెట్టారు. ఆవిడ కళ్ళకి అది కనబడలేదు. పులిహోర ఆయన చేతి మీదే వడ్డించేసింది.